అరవై వేల కిట్టు, పారేయబోయిన మైకు: ఒక ఫీల్డ్ రికార్డింగ్ కేసు

పోయిన ఏడాది మే నెలాఖర్లో ఒకమ్మాయి ఫోన్ చేసింది. తెలిసినవాళ్ళ దగ్గర నా నంబరు తీసుకుందట. జానపద కళల మీద పీహెచ్‌డీ చేస్తోంది, ఉండేది ఉప్పల్‌లో, తిరిగేది స్కూటీ మీద. "అన్నా, అరవై వేలున్నాయి. ఏ రికార్డర్ కొనాలో పేరు చెప్పండి చాలు, మీ టైమ్ ఎక్కువ తినను" అంది. నేను పద్నాలుగేళ్ళుగా డాక్యుమెంటరీలకీ యాడ్లకీ లొకేషన్ సౌండ్ చేస్తున్నాను. ఈ ప్రశ్న వారానికోసారి వస్తుంది, ఏదో ఒక మోడల్ పేరు చెప్పి వదిలించుకుంటాను. ఆ రోజు ఎందుకో, "ముందు నీ దగ్గరున్నదాంతో చేసిన రికార్డింగ్ ఒకటి పంపమ్మా, నీకు బాగా చిరాకు తెప్పించింది పంపు" అన్నాను. అలా మొదలైన వ్యవహారం బోనాలు అయిపోయేదాకా తెమల్లేదు.

వచ్చింది నాలుగు నిమిషాల ఫైలు. వాళ్ళ నానమ్మ బతుకమ్మ పాట పాడుతోంది. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, దాని మీద రేకుల షెడ్డు మీద చినుకులు పడుతున్నట్టు ఆగకుండా ఒకటే బుస. రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను కూడా ఆపి చేసిందట పాపం. "రికార్డర్ పాడైపోయిందన్నా. మైకు కూడా చెత్తది, మా మేనమామ భజనల్లో వాడి పక్కన పడేసింది. రెండూ ఎవరికైనా ఇచ్చేస్తా" అంది.

ఆ చెత్త మైకు ఏమిటా అని ఫోటో పెట్టమంటే షూర్ ఎస్ఎం58. జాలీ సొట్టపడి ఉంది, అంతే. 1966 నుంచి స్టేజీల మీద కింద పడుతూ లేస్తూ పనిచేస్తున్న మోడల్ అది.

మైకు ఎక్కడ పెట్టావని అడిగాను. టీపాయ్ మీద చిన్న స్టాండులో పెట్టిందట. నానమ్మేమో మంచం మీద. మధ్యలో సుమారు మీటరున్నర. దగ్గరికి తెస్తే ఆవిడ సిగ్గుపడి పాట ఆపేస్తోందట.

ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక లేనివాళ్ళు ఈ పేరా దాటేయండి. మైకు చేసే పని గాలి ఒత్తిడిని వోల్టేజీగా మార్చడం. ఒక పాస్కల్ ఒత్తిడికి ఎస్ఎం58 ఇచ్చేది సుమారు 1.85 మిల్లీవోల్టులు. అదే ఒత్తిడికి రోడ్ కంపెనీ ఎన్‌టీ5 లాంటి చిన్న కండెన్సర్ మైకు (కరెంటుతో నడిచే రకం) 12 మిల్లీవోల్టులు ఇస్తుంది. రికార్డర్‌లో మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్‌కి తనదైన బుస కొంత ఉంటుంది, దాన్ని స్పెసిఫికేషన్ కాగితం మీద ఈఐఎన్ అని రాస్తారు. ఆమె పాత రికార్డర్‌కి అది మైనస్ 120 డీబీయూ, అంటే ఒక మైక్రోవోల్టులో ముప్పావు వంతు. దాన్ని ఎస్ఎం58 ఇచ్చే 1.85 మిల్లీవోల్టులతో భాగించి మళ్ళీ శబ్దంగా మారిస్తే సుమారు 26 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) వస్తుంది. అంటే నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎవరో 26 డీబీ బుసని రాత్రంతా ఆన్ చేసి కూర్చున్నట్టు లెక్క. అదే రికార్డర్‌కి ఎన్‌టీ5 తగిలిస్తే ప్రీయాంప్ బుస 10 డీబీకి దిగుతుంది, మైకు సొంత బుసే 16 కాబట్టి దాని కింద దాక్కుంటుంది. కాబట్టి రికార్డర్ పాడవలేదు, మైకు చెత్తదీ కాదు. వాళ్ళిద్దరికీ జాతకాలు కలవలేదు, అంతే.

మరి మంచి రికార్డర్ కొంటే? జూమ్ ఎఫ్3కి ఈఐఎన్ మైనస్ 127. అదే మైకుతో బుస 26 నుంచి 19కి పడుతుంది, ఏడు డీబీ లాభం. బాగానే ఉంది. కానీ మీటరున్నర దూరంలో ఉన్న మైకుని జానెడు దూరానికి తెస్తే వచ్చే లాభం పదహారు, పదిహేడు డీబీ, పైసా ఖర్చు లేకుండా.

అందుకే ఏమీ కొనకుండా మళ్ళీ ఓసారి చెయ్యమన్నాను. మైకు నిలబెట్టొద్దు, మడత పెట్టిన తువ్వాలు మీద దిండు పక్కన పడుకోబెట్టు, ఆవిడకి కనపడదు. ఫ్యానుతో పాటు ఫ్రిజ్ కూడా ఆపు, ఆపాక స్కూటీ తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టు, లేకపోతే మర్నాడు పాలు విరిగాక గుర్తొస్తుంది. (తాళంచెవి చిట్కా నాది కాదు, సౌండ్ పని చేసేవాళ్ళందరిదీ. దీనికి ముందు నేనూ ఒకరింట్లో రెండు కిలోల చేపలు పాడుచేసినవాణ్ణే.) రెండో ఫైలు వచ్చింది. బుస ఉంది, కానీ వెతుక్కుంటే గాని వినపడదు. పాట కంటే ముందు గాజుల చప్పుడు, రెండో చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం, మధ్యలో "ఇంకా పాడాల్నా?" అని అడగడం, అన్నీ ఉన్నాయి. కొత్త రికార్డర్ ఎప్పుడు కొన్నావని వాళ్ళ గైడ్ అడిగారట.

"అయితే ఏం కొనొద్దా అన్నా?" అంది, కొంచెం నిరాశగానే.

కొనాలి. ఇంటర్వ్యూ ఒక్కటే అయితే అక్కడితో ఆపేసేవాణ్ణి. కానీ ఆమె జాబితాలో ఇంకా మూడున్నాయి. పాతబస్తీ చేతిపనుల చప్పుళ్ళు, ముఖ్యంగా మిఠాయిల మీద అంటించే వెండి వరఖ్ కొట్టేవాళ్ళవి. తర్వాత బోనాలు. ఆ తర్వాత తెల్లవారుజామున ఒక చెరువు. మోడల్ పేర్లు పక్కన పెట్టి, నువ్వు రికార్డు చేయబోయే వాటిలో అన్నిటికంటే మెల్లగా ఉండేది ఏది, అన్నిటికంటే గట్టిగా ఉండేది ఏది, ఆ రెండు చోట్లకీ ఎట్లా వెళ్తావు, ఎవరితో వెళ్తావు, అది రాసి పంపమన్నాను. ఒంటరిగా, స్కూటీ మీద, భుజానికి బ్యాగుతో అని రాసింది. నా దృష్టిలో మిగతా స్పెసిఫికేషన్లన్నీ ఆ ముక్క తర్వాతే.

మెల్లగా ఉండే శబ్దాల గురించి ఓ మాట. ఇంటర్నెట్‌లో ఫీల్డ్ రికార్డింగ్ సలహాలు చాలావరకు మంచు కురిసే అడవుల్లో కూర్చునేవాళ్ళు రాసినవి. వాళ్ళకి మైకు సొంత బుస 5 డీబీయా 16 డీబీయా అన్నది ప్రాణం మీదికొచ్చే విషయం. మన సంగతి వేరు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రుల చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలాల్లోనే రాత్రిపూట పరిమితి 40 డీబీ, వ్యాపార ప్రాంతాల్లో పగలు 65. చార్మినార్ చుట్టుపక్కల ఆ 65 ఎవరికైనా వినపడితే నాకూ చెప్పండి. అంత రొద మధ్య 16 డీబీ బుసని ఎక్కడ వెతుక్కుంటారు? ఈ ఊళ్ళో మన రికార్డింగుల్ని చెడగొట్టేవి నేను చూసినంతలో దూరం, గాలి, చేతి కుదుపు. నాలుగోది, జనం మనల్ని చూడడం.

ఆ నాలుగోదాన్ని వరఖ్ గల్లీలో కళ్ళారా చూశాం. పరీక్ష కోసం నేను మూడు సెట్లు తీసుకెళ్ళాను. మొదటిది జూమ్ హెచ్4 ఎసెన్షియల్, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చింది, మైకులు దానిలోనే ఉంటాయి. రెండోది నా ఎఫ్3తో ఎన్‌టీ5 జత, ఒక పట్టీ మీద 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో, అంటే ఓఆర్‌టీఎఫ్ పద్ధతిలో, స్టాండు మీద. మూడోది అదే ఎఫ్3కి ప్రైమో ఈఎం272 బిళ్ళలతో చేసిన చిటికెనవేలి గోరంత మైకులు రెండు, ఫాంటమ్ పవర్‌తో, అంటే రికార్డరే వైరు ద్వారా పంపే కరెంటుతో నడిచేవి, ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల ప్లగ్గు) రకం.

స్టాండు విప్పి బొచ్చు తొడిగిన మైకులు పైకెత్తేసరికి ఐదు నిమిషాల్లో పదిహేను మంది. "ఏ ఛానల్ మేడమ్?" "ఎప్పుడొస్తది టీవీల?" ఒకతను బండి ఆపి హారన్ కొట్టి మరీ అడిగాడు. లోపల వరఖ్ కొట్టే పెద్దాయన కూడా మర్యాదకి మమ్మల్నే చూస్తూ, మా కోసం, కాస్త గట్టిగా, కాస్త పద్ధతిగా కొట్టడం మొదలెట్టారు. ఆ చప్పుడు బాగానే వచ్చింది. కానీ అది ఆయన రోజూ కొట్టే చప్పుడు కాదు, ఫోటోకి నిలబడ్డ చప్పుడు.

స్టాండు మడిచేసి, టీ తాగి, గంటాగి మళ్ళీ వెళ్ళాం. ఈసారి చిన్న మైకుల్ని ఆమె బ్యాక్‌ప్యాక్ పట్టీలకి, భుజాల దగ్గర, రెండు వైపులా క్లిప్పులతో పెట్టాం. రికార్డర్ బ్యాగులోనే. మైకుల మధ్య ఎడం ఇంచుమించు తల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ, మధ్యలో మెడ అడ్డు, కాబట్టి కుడి ఎడమల తేడా హెడ్‌ఫోన్‌లో చక్కగా తెలుస్తుంది. దాచిపెట్టి చేయడం కాదిది, ఆయనకి చూపించి, అడిగి, ఒప్పుకున్నాకే ఆన్ చేసింది. ఆయన ఆ బిళ్ళని చూసి "ఇత్తే-సే మే ఆవాజ్ ఆతీ క్యా బేటా?" (ఇంత చిన్నదాంట్లోకి శబ్దం వస్తుందా బిడ్డా?) అని నవ్వి, రెండు నిమిషాల్లో మైకు సంగతే మర్చిపోయారు. ఆ తర్వాత వచ్చిన ఇరవై నిమిషాలు నేనెక్కడా వినలేదు. తోలు పుస్తకంలాంటి కట్ట మీద సుత్తి పడుతుంటే మొదట మొద్దుగా, లోపల వెండి పలచబడేకొద్దీ తేడాగా ఒక మోత. ప్రతి ఎనిమిదో, తొమ్మిదో దెబ్బకి కట్ట తిప్పుతున్న చిన్న రాపిడి. పక్క కొట్లో ఇంకొకాయన వేరే వేగంలో కొడుతూ ఉంటే ఇద్దరి దెబ్బలూ కలిసి విడిపోయి మళ్ళీ కలవడం. ఈమె ఒక పెద్ద అడుగు ముందుకేసింది, రెండు మీటర్లు కాస్తా మీటరైంది, బయటి ఆటోల రొదతో పోలిస్తే సుత్తి ఆరు డీబీ పైకొచ్చింది. పాత రికార్డర్‌కీ ఎఫ్3కీ ప్రీయాంప్‌లో ఉన్న తేడా మొత్తం ఏడు. అది ఒక్క అడుగు.

చున్నీకి మైకులు పెట్టొచ్చా అని అడిగింది. పెట్టొచ్చు, కానీ నడిస్తే గుడ్డ రాపిడి చెవుల్లో ఇసుక పోసినట్టుంటుంది. పట్టీ గట్టిగా ఉంటుంది కాబట్టి నయం. దాన్ని మైకు వైరు తాకకుండా క్లిప్పు దగ్గర ఒక చిన్న చుట్ట వదలాలి, లేకపోతే వైరు కదిలినప్పుడల్లా దడ్ దడ్.

హెచ్4 ఎసెన్షియల్ గురించి అన్యాయం చేయకూడదు. అది మంచి యంత్రమే, ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్లు కూడా ఉన్నాయి, మైకులు విడిగా కొనే పని లేదు. ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళకి, స్టాండు పెట్టుకునే వీలున్నవాళ్ళకి నేను అదే చెప్తాను. కానీ చేత్తో పట్టుకుంటే వేలు కదిలిన ప్రతిసారీ లోపల వినపడుతుంది, ఈమె పని మొత్తం నడుస్తూ చేసేది. పైగా దానిలో ఉండే ఎక్స్‌వై మైకులు (ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన జత) ఒక వైపుని ఏరుకునేవి, అలాంటివాటికి గాలన్నా కుదుపన్నా చాలా చిరాకు. ఈఎం272లాంటి ఓమ్ని మైకులు, అంటే అన్ని వైపుల నుంచీ వినేవి, ఈ రెండింటినీ చాలావరకు ఓర్చుకుంటాయి.

మధ్యలో షాట్‌గన్ మైకు అడిగింది, దూరంగా ఉన్న శబ్దాన్ని లాగుతుందని ఎవరో చెప్పారట. లాగదు. పక్కల నుంచి వచ్చేవాటిని కొంత తగ్గిస్తుంది, అదీ పై స్థాయి, అంటే సన్నటి కీచు శబ్దాలనే. లారీ గుర్రు, జనరేటర్ మోత లాంటి కింది స్థాయి బొంగురు శబ్దాలు ఎటు నుంచైనా దర్జాగా లోపలికొస్తాయి. ఇరుకు గల్లీలో గోడల మీద నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల గొంతు రంగు కూడా మారుతుంది. వద్దన్నాను.

అప్పటికి నా మనసులో లెక్క తేలిపోయింది: ఎఫ్3, ఈఎం272 జత, అయిపోయింది అనుకున్నాను. గోల్కొండ బోనాలు నా తొందర దింపేశాయి.

ఎఫ్3ని నేను ఎంచుకోవడానికి అసలు కారణం 32 బిట్ ఫ్లోట్, అంటే మెల్లటి శబ్దాన్నీ గట్టి శబ్దాన్నీ లెవెల్ సర్దకుండానే రాసుకునే పద్ధతి. దాని మీద ఉన్న భక్తి కొంచెం ఎక్కువైంది ఈ మధ్య, కాబట్టి నిదానంగా చెప్తాను. 24 బిట్‌లోనే 144 డీబీ విస్తృతి ఉంది, గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న మోతాదు) కాస్త తగ్గించి పైన 12 నుంచి 18 డీబీ ఖాళీ వదిలితే నూటికి తొంభై పనులు సాఫీగా అవుతాయి, ఏళ్ళ తరబడి అందరం అలాగే చేశాం. ఫ్లోట్‌లో లెవెల్ చూసుకునే పనే లేదు, ఎఫ్3కి గెయిన్ నాబే ఉండదు, మెల్లగా వచ్చింది తర్వాత పెంచుకోవచ్చు, ఎర్రగీత దాటింది తర్వాత దించుకోవచ్చు. ఒక పక్క అమ్మవారి ముందు ముసలమ్మ గొణుక్కుంటూ మొక్కుతుంటే మరుక్షణం పోతరాజు కొరడా, తీన్మార్ డప్పులు మీద పడే చోట, రెండు చేతులూ బ్యాగు పట్టుకుని జనంలో నిలబడ్డ ఒంటరి మనిషికి ఇది వరమే. ఇక్కడిదాకా నిజం.

గోల్కొండ నుంచి వచ్చాక ఫైలు తెరిస్తే వేవ్‌ఫామ్ ఎక్కడా నెత్తి తగిలినట్టు లేదు. వింటే మాత్రం డప్పు దెబ్బ దెబ్బకీ పగిలిన రేకు డబ్బా. లెవెల్ పది డీబీ దించినా అదే రేకు డబ్బా, మెల్లగా. సంగతేమిటంటే పగిలింది రికార్డర్‌లో కాదు, మైకులో. చిన్న బిళ్ళ మైకు లోపల ఉండే చిన్న ట్రాన్సిస్టర్ రెండు మీటర్ల దూరంలో అరడజను డప్పుల్ని మోయలేదు. రికార్డర్ మాత్రం ఆ పగిలిన శబ్దాన్నే 32 బిట్లలో చాలా నిజాయితీగా రాసిపెట్టింది. ఈ మైకులకి ఇలాంటి హద్దు ఉంటుందని నాకు తెలుసు, గల్లీలో ఆ ఇరవై నిమిషాలు విన్న ఆనందంలో మర్చిపోయాను. ఆమె పాపం తన తప్పేమో అనుకుని ఆ రాత్రంతా టెన్షన్ పడింది.

"మీ మామ మైకు ఎవరికైనా ఇచ్చేశావా?" అని మెసేజ్ పెట్టాను. ఇంకా ఇవ్వలేదట.

ఎస్ఎం58 లోపల ట్రాన్సిస్టర్ లేదు, ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, ఒక పొర, ఒక తీగచుట్ట, ఒక అయస్కాంతం. నానమ్మ పాటకి బుస తెప్పించిన ఆ తక్కువ వోల్టేజే డప్పుల ముందు దాని బలం, అంత మోత దాని వంటికే పట్టదు. లాల్‌దర్వాజ బోనాలకి రెండుసార్లు రికార్డు చేసే పథకం వేశాం. ముందు ఊరేగింపు వస్తున్నప్పుడు తెలిసినవాళ్ళ మిద్దె ఎక్కి, పదిహేను పదహారు మీటర్ల దూరం నుంచి చిన్న మైకుల జతతో మొత్తం జనాన్ని, అక్కడికొచ్చేసరికి డప్పులు రెండు మీటర్ల దగ్గర ఉన్నదాని కంటే 18 డీబీ తగ్గుతాయి కాబట్టి మైకులకి ఊపిరాడుతుంది. తర్వాత కిందికి దిగి, చేతిలో ఎస్ఎం58 పట్టుకుని, డప్పు వరస పక్కనే, మోనోలో. ఆ మైకు చేత్తో పట్టుకోవడానికే పుట్టింది కాబట్టి కుదుపు కూడా తక్కువ. జనం కూడా దాన్ని చూసి ఏ ఛానల్ అని అడగలేదు, పాట పాడేదనుకున్నారేమో, దారిచ్చారు. చర్మం మీద సన్నపుల్ల పడే చిటుకు, లావుపుల్ల పడే దమ్ము విడివిడిగా తెలిసేంత శుభ్రంగా వచ్చింది. ఎడిటింగ్‌లో ఆ మోనోని మధ్యలో పెట్టి మిద్దె మీది స్టీరియోని కింద పరిస్తే, నేను నోరు మూసుకుని విన్నాను.

గాలి సంగతి. జూన్‌లో, నైరుతి మొదలైన కొత్తల్లో, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తెల్లవారక ముందే అమీన్‌పూర్ చెరువుకి వచ్చింది, నేనూ వెళ్ళాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువది, చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. నల్ల స్పాంజి టోపీలు మాత్రమే తొడిగి కట్ట మీద నిలబడితే హెడ్‌ఫోన్‌లో చెరువు లేదు, తీతువు లేదు, ఎవరో చెవి పక్కన దుప్పటి దులుపుతున్నట్టు గాలి. తర్వాత ఫిల్టరుతో 80 హెర్ట్జ్ కిందున్న బొంగురు శబ్దాన్ని కోసేయొచ్చుగా అంది. కొంతవరకే. గాలి ఒత్తిడికి మైకు పొరే ఊగిపోతే, పైన ఉన్న పిట్ట కూత కూడా దాంతో పాటు వణుకుతుంది, ఆ వణుకుని ఏ ఫిల్టరూ తియ్యలేదు. బొచ్చు తొడుగు తప్పదు. కంపెనీ తొడుగులు ఖరీదు, ఈ బుల్లి మైకులకి సరిపోయేవి దొరకడమూ కష్టం, అందుకని బేగంబజార్‌లో బొమ్మలకి వాడే బొచ్చు గుడ్డ అరమీటరు కొన్నాం. అన్ని గుడ్డలూ పనికిరావు. వెనకవైపు నోటికి ఆనించుకుని ఊది చూడాలి. ఊపిరి అవతలికి సాఫీగా పోతే మంచిది, రబ్బరు పూత ఉండి ఆగిపోతే శబ్దంలో పైస్థాయి కూడా అక్కడే ఆగిపోతుంది. నాలుగు కొట్లు తిరిగి ఊది ఊది ఒకటి తేల్చాం, కొట్టువాళ్ళు మమ్మల్ని ఏమనుకున్నారో తెలీదు. స్పాంజి మీద ఆ గుడ్డతో కుట్టిన టోపీ తొడిగాక, అదే కట్ట మీద, అదే గాలిలో, కప్పలు నాలుగు రకాలుగా అరుస్తున్నాయని మొదటిసారి తెలిసింది. ఆరున్నరకి కాంక్రీట్ మిక్సర్ మొదలైంది, ఇంటికొచ్చేశాం.

కిట్టులో కొనడానికి ముచ్చటగా ఉండని వస్తువులు కూడా ఉన్నాయి. ఎఫ్3కి రెండు డబుల్ ఏ బ్యాటరీలు, ఫాంటమ్ ఆన్ చేస్తే అవి తొందరగా దిగిపోతాయి, కాబట్టి యూఎస్‌బీ‌లో పవర్ బ్యాంకు పెట్టాం. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగే వస్తువుని చూసి ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని ఆగిపోతాయి. ఇంట్లో రెండు గంటలు నడిపి చూశాకే బయటికి తీసుకెళ్ళమన్నాను, లోపల చార్జ్ చేసిన బ్యాటరీలు ఎప్పుడూ ఉంచమన్నాను. హెడ్‌ఫోన్ చెవులు పూర్తిగా మూసేది, కానీ నిలబడి ఉన్నప్పుడే. నడుస్తున్నప్పుడు ఒక చెవి బయట ఉండాలి, వెనకాల ఆటో ఏ ట్రాక్‌లో వస్తుందో ఎవరికి తెలుసు. శాంపిల్ రేటు, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది, 48 కిలోహెర్ట్జ్ చాలు. ఆ లెక్కన స్టీరియో ఫ్లోట్ ఫైలు గంటకి 1.38 జీబీ. శబ్దాన్ని బాగా నెమ్మది చేసి వాడుకునే ఆలోచన ఉంటేనే 96.

మెమరీ కార్డు దగ్గర దెబ్బ తిన్నాం. ఇది పూర్తిగా నా తప్పు, ఎందుకంటే నేను చెప్పాల్సింది చెప్పలేదు. బజార్లో ఒక షాపులో 128 జీబీ అని రాసి ఉన్న మైక్రో ఎస్డీ కార్డు తక్కువకి వచ్చిందని కొంది. దాదాపు పదకొండున్నర గంటల రికార్డింగు దాకా అంతా బ్రహ్మాండం. తర్వాతి ఫైళ్ళు పేర్లతో ఉన్నాయి, నిడివితో ఉన్నాయి, తెరిస్తే నిశ్శబ్దం. పోయినవాటిలో లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే ఆవిడ నలభై నిమిషాల మాటలున్నాయి. కార్డుని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే నిజమైన సామర్థ్యం 16 జీబీ. మిగతా 112 కవర్ మీద మాత్రమే ఉంది. రాని డేటాని ఎవరూ తిరిగి తేలేరు, రాసే చోటే లేదు కాబట్టి. షాపుకి వెళ్తే బిల్లు చూపించమన్నారు, బిల్లు ఇచ్చింది లేదు. ఆ తర్వాత ఏ కార్డు కొన్నా ముందు మొత్తం నింపి, మొత్తం చదివించి, అప్పుడే రికార్డర్‌లో వేసి ఫార్మాట్ చేస్తోంది. 128 జీబీ కార్డుకి ఈ పరీక్ష కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. గాజుల ఆవిడ రెండోసారి కూడా ఓపిగ్గా మాట్లాడారు గానీ, మొదటిసారి చెప్పిన వాళ్ళ అత్తగారి కథ మళ్ళీ చెప్పలేదు. అప్పుడేదో మాటల్లో వచ్చింది, ఇప్పుడు గుర్తులేదమ్మా అన్నారట.

చివరికి తేలిన కిట్టు ఇది: ఎఫ్3, సగం డబ్బు పైగా అదే తినేసింది. ఈఎం272 జత, కస్టమ్స్ సుంకంతో కలిపి. హెడ్‌ఫోన్, రెండు పరీక్షించిన కార్డులు, బ్యాటరీలు, వైర్లు, ఇంట్లో కుట్టిన రెండు జతల బొచ్చు టోపీలు. ఎస్ఎం58 ఖర్చు సున్నా. వాటన్నిటికీ కలిపి ఒక మామూలు బ్యాక్‌ప్యాక్. అరవై వేలలో ఇంకో మూడు వేల దాకా మిగిలాయి, అనంతగిరి వెళ్ళొచ్చింది దాంతో. వర్షం వెలిసిన మధ్యాహ్నం, మనుషులు లేని చోట, ఆకుల మీంచి నీళ్ళు జారే చప్పుడు పట్టుకొచ్చింది. ఈ మొత్తం పనిలో మైకు సొంత బుస నాకు వినపడింది ఆ ఒక్క ఫైల్లోనే, 14 డీబీ, చాలా పెంచితే. ఆమె జీవితమంతా అలాంటి చోట్లే తిరుగుతానంటే 5 డీబీ బుస ఉన్న ఎన్‌టీ1-ఏ లాంటి పెద్ద మైకులు చెప్పేవాణ్ణి. అవి బ్యాక్‌ప్యాక్ పట్టీకి ఎక్కవు.

ఆగస్టులో మళ్ళీ ఫోన్. వాళ్ళ మేనమామకి చవితి పందిట్లో భజన ఉందట, మైకు గుర్తొచ్చిందట. "నీకు ఎట్లాగూ కొత్తవి వచ్చినయి కదా బిడ్డా" అని ఇంటికొచ్చి మరీ తీసుకెళ్ళిపోయాడు. "ఇప్పుడెట్లన్నా?" అంది. కొత్త ఎస్ఎం58 కొనమన్నాను. దాంతో బడ్జెట్ అరవై వేలు దాటింది.